డికెన్స్ దహింపలేని ఉత్తరములు

1860వ సంవత్సరము సెప్టెంబరు 3వ తేదీన, ఇంగ్లండులో కెంట్ సీమయందలి రోచెస్టర్ పట్టణమునకు చేరువనున్న గాడ్స్‌హిల్ అను తన ఇంటి వెనుకటి పొలములో, చార్లెస్ డికెన్స్ ఇరువదేండ్లుగా తనకు వచ్చిన ఉత్తరములను, ఇతర పత్రములను గంపల కెత్తించి, కుప్పగా పోయించి, నిప్పంటించెను. గంపలు మోసినవారు ఆయన పిన్న కుమారులిరువురు. వారిలో హెన్రీకి అప్పటికి పదునొకండేండ్లు. పెద్దవాడై న్యాయవాదిగా పేరు గడించిన పిమ్మట ఆతడు, ఆ మహానుభావుల లేఖల నివురులో తాము ఉల్లిగడ్డలు కాల్చుకొంటిమని జ్ఞాపకము చేసికొనియున్నాడు. టెనిసన్ వ్రాసినవి, థాకరే వ్రాసినవి, విల్కీ కాలిన్స్ వ్రాసినవి, ఒకటేమి, ఆంగ్ల సాహిత్యములో ఒక తరమువారి చేవ్రాళ్లన్నియు ఒక్క పూటలో పొగయై పోయినవి. తన పత్రిక నడుపుటలో కుడిభుజమైయుండిన విల్స్‌కు మఱునాడు వ్రాసిన ఉత్తరములో డికెన్స్, ఆ పొగ అరేబియా కథలలో సముద్రతీరమున పెట్టె మూత తీయగా వెలువడిన భూతమువలె నుండెననియు, మంట పెట్టునప్పుడు దివ్యముగా నున్న దినము మంట ముగియునప్పటికి కుండపోతగా వర్షించెననియు, తనకు వచ్చిన ఉత్తరములే ఆకాశమునకు మబ్బు పట్టించినవేమోననియు పరిహాసమాడెను. కొన్నింటినైన నిలుపుమని కుమార్తె మేమీ బతిమాలగా, తాను వ్రాసిన ప్రతి ఉత్తరమును సైతము ఈ కుప్పలోనే ఉండినయెడల ఎంత బాగుండునో అని ఆయన పలికినట్లు ఆ కుటుంబమువారు చెప్పియున్నారు.

ఆ కోరిక తీరునది కాదు. ఆయన ఇంటిలో నుండినవి ఇతరులు వ్రాసినవి. ఆయన వ్రాసినవి ఇతరుల ఇండ్లలో, బీరువాలలో, నగలపెట్టెల అడుగున భద్రముగా నుండెను. తన రహస్యములను కాపాడుకొనుటకై వేసిన మంట తన మాట నొక్కదానిని గూడ కాల్చలేదు. కాల్చినది స్నేహితుల మాటలను, బంధువుల మాటలను, ఆశ్రితుల మొరలను. ఈనాడు డికెన్స్ పత్రభాండారమని మనము చెప్పుకొనునదంతయు ఆయన కూర్చినది కాదు. ఎవరెవరో, తమతమ కారణములచేత, ఒకరు ప్రేమచేతను, ఒకరు ధనాశచేతను, ఒకరు అభిమానభంగముచేతను దాచియుంచినందున మిగిలినది. కావున ఆ పత్రముల చరిత్ర డికెన్స్ చరిత్రయగుటకంటె ముందు ఆ దాచినవారి చరిత్ర.

ఆయనకు కాగితములపై ఇంత కోపము కలుగుటకు హేతువు రెండేండ్లకు ముందటిది. 1836లో పెండ్లాడి పదిమంది బిడ్డలను కనిన భార్య కేథరిన్‌ను 1858లో ఆయన విడనాడెను. అంతకు ముందటి యేట నాటకప్రదర్శన సందర్భమున పరిచితురాలైన ఎల్లెన్ టెర్నన్ అను పదునెనిమిదేండ్ల నటిని గూర్చి లోకము గుసగుసలాడసాగెను. మౌనము వహింపక, ఆయన జూన్ 12వ తేదీన తన హౌస్‌హోల్డ్ వర్డ్స్ పత్రిక మొదటి పుటలోనే తన సంసారవిషయమై ఒక ప్రకటన ముద్రించెను. అంతకుముందే, భార్య యెడల తన ఆరోపణలను వివరించుచు ఒక దీర్ఘలేఖ వ్రాసి, తన బహిరంగ పఠనముల వ్యవహారము చూచు ఆర్థర్ స్మిత్ చేతికిచ్చి, అడిగినవారికి చూపవచ్చునని అనుమతించియుండెను. ఆ లేఖ ఆగస్టులో న్యూయార్క్ ట్రిబ్యూన్ పత్రిక కెక్కెను. తన విశ్వాసము భంగపడెనని డికెన్స్ ఎంతయో వాపోయెను గాని, అడిగినవారి కెల్ల చూపుమని ఇచ్చిన లేఖ అచ్చగుటలో ఆశ్చర్యమేమి? తప్పు తనదని ఒప్పుకొనుటకంటె కాగితముపై మోపుట సులభము. 1860లో లండనునందలి టావిస్టాక్ గృహమును విక్రయించి గాడ్స్‌హిల్‌కు మకాము మార్చునప్పుడు, కట్టలు కట్టలుగా కదలివచ్చిన ఉత్తరములకు మంటయే గతియయ్యెను. అయిదేండ్ల తరువాత, రంగస్థలమునుండి విరమించిన నటుడు మేక్రెడీకి వ్రాయుచు, ఆంతరంగిక లేఖలను జనులు బజారున పెట్టుట చూచి చూచి విసిగి, వ్యవహారమునకు తప్పనిసరియైన వానిని దక్క తక్కిన ప్రతి ఉత్తరమును నాశము చేయుచున్నానని ఆయనయే చెప్పుకొనెను.

మన ఇండ్లలో ఉత్తరములకు రెండు గతులుండెడివి. క్షేమసమాచారములు తెచ్చినవి కొక్కెముగల ఇనుపతీగెకు గ్రుచ్చబడి, ఏటికేడాది బరువెక్కుచు, గోడకు వ్రేలాడుచుండెడివి. చావుకబురు తెచ్చిన కార్డు మాత్రము చదువుట ముగియుటయే తడవుగా, గడప దాటి లోనికి రాకుండ చింపివేయబడెడిది. డికెన్స్ చేసినపని ఈ రెండింటను చేరదు. ఆయన భయపడినది ఉత్తరము తెచ్చిన వార్తకు గాదు, అది పోబోవు చోటికి. అచ్చుయంత్రముచేత బ్రదికిన మనుష్యుడు అచ్చుయంత్రమునకే బెదరెను.

ఆ మంటలో పోయినదేమో తెలియవలెనన్న, మిగిలినదానిని చూడవలయును. మాడలిన్ హౌస్, గ్రాహమ్ స్టోరీ, కాథ్లీన్ టిలట్సన్ మొదలగు సంపాదకులు 1965 మొదలు 2002 వరకు, పండ్రెండు బృహత్సంపుటములలో, డికెన్స్ వ్రాసిన పదునాలుగు వేలకు పైబడిన ఉత్తరములను ఆక్స్‌ఫర్డ్ ముద్రణాలయము ద్వారా ప్రకటించిరి. ఆ సంపుటములు చదువుచుండ, పృచ్ఛకుల ప్రశ్నలన్నియు మాసిపోయి అవధాని పూరణములు మాత్రమే మిగిలిన అవధానసభలో కూర్చుండినట్లుండును. ఎవరో ఏదో అడిగిరి. ఈయన నవ్వించుచు, ఓదార్చుచు, కసరుచు, ఎదుటివారికి మాటాడ సందీయక బదులు చెప్పుచున్నాడు. అడిగినదేమో సంపాదకులు అధోజ్ఞాపికలలో ఊహింపవలసినదే. అట్టి ఊహలకు మనుష్యుల జీవితకాలములు వ్యయమైనవి.

ఈ నష్టము మిక్కిలి బాధించునది ఒకచోట. లండను పడమటిదిక్కున షెపర్డ్స్ బుష్‌లో, 1847లో, ఏంజెలా బర్డెట్ కూట్స్ అను అపార ధనవంతురాలి ద్రవ్యముతో, డికెన్స్ ఒక శరణాలయము స్థాపించెను. యురేనియా కాటేజి దాని పేరు. చెఱసాలనుండి విడుదలయైనవారు, వీధిపాలైనవారు, దొంగతనమునకు శిక్షపడినవారు అగు యువతులను చేర్చుకొని, చదువును ఇంటిపనిని నేర్పి, ఆస్ట్రేలియా మున్నగు వలసదేశములకు పంపి, క్రొత్తబ్రదుకు బ్రదుకనిచ్చుట దాని యుద్దేశము. పదేండ్లకు పైగా, ఏ పాత్రకు ఎట్టి బట్టలు తొడిగింపవలెనో నిర్ణయించు శ్రద్ధతోనే, ఆ యువతులకు కొనవలసిన గుడ్డల రంగు మొదలు వారి పడకల యమరిక వరకు ఆయనయే నిర్ణయించుచుండెను. చేరవచ్చిన ప్రతి యువతిని ఎదుట కూర్చుండబెట్టుకొని, ఆమె పూర్వచరిత్రను ఆమె నోటనే విని ఒక పుస్తకములో వ్రాసికొనెడివాడు. వ్రాసిన తరువాత ఇంక ఎవరికిని, ఇంటి పర్యవేక్షకురాలికి గూడ, ఆ సంగతి చెప్పనక్కరలేదని ఆ యువతికి అభయ మిచ్చెడివాడు. బర్డెట్ కూట్స్‌కు ఆయన వ్రాసిన వందలకొలది ఉత్తరములు న్యూయార్కులోని మోర్గన్ గ్రంథాలయములో చెక్కుచెదరక యున్నవి. ఆ పుస్తకము లేదు. పంతొమ్మిదవ శతాబ్దపు లండను వీధులలో దిక్కులేక తిరిగిన ఆడుబిడ్డలు, ఆ శతాబ్దపు గొప్ప కథకునికి తమ కథలు చెప్పుకొనిరి, ఆతడు వ్రాసికొనెను, ఒక్క పుటయైన మనకు దక్కలేదు. నా మట్టుకు నాకు, టెనిసన్ ఉత్తరములు కాలిపోయినందుకంటె ఈ పుస్తకము మాయమైనందుకే ఎక్కువ దిగులు.

1870 జూన్ 9వ తేదీన, తన యేబదియెనిమిదవ యేట, డికెన్స్ గాడ్స్‌హిల్‌లోనే మరణించెను. వీలునామాలో ఆయన తన కాగితములను రెండుగా పంచియుండెను. అచ్చయిన గ్రంథముల వ్రాతప్రతులలో తనయొద్ద మిగిలినవి చిరకాలమిత్రుడు జాన్ ఫార్‌స్టర్‌కు. సొంత కాగితములన్నియు మరదలు జార్జినా హోగార్త్‌కు. అక్క ఇల్లు విడిచిన తరువాతగూడ బావ యింటనే యుండి సంసారము దిద్దిన జార్జినా సంగతి పిమ్మట చెప్పుదును. ఫార్‌స్టర్ ముందు చెప్పదగినవాడు. ఆయన న్యాయశాస్త్రము చదివినవాడు, పత్రికలకు విమర్శలు వ్రాసినవాడు, గొల్డ్‌స్మిత్ చరిత్ర రచించినవాడు. ఒకసారి నమ్మినవారిని విడువనివాడు, తన మాటకు ఎదురాడినవారిని సహింపనివాడు. ముప్పదేండ్లకు మించి డికెన్స్ తనకు వ్రాసిన ఉత్తరములను మూటగట్టి దాచిన ఆ పెద్దమనిషి, 1872 మొదలు 1874 వరకు మూడు సంపుటములుగా జీవితచరిత్ర ప్రకటించునపుడు, ఆ ఉత్తరములను ఎత్తి వ్రాసికొను శ్రమ పడక, కత్తెరతో కావలసిన వాక్యసముదాయములను కత్తిరించి తన వ్రాతప్రతిలో అంటించి అచ్చుకూటమునకు పంపెను. అంటించిన తునకలు తిరిగి రాలేదు. మిగిలిన పేలికలు బుట్టపాలయ్యెను. అచ్చైనవానిలో గూడ మాటలను తీరిచిదిద్దిన జాడలు కలవు. డికెన్స్ మంటతో చేసినపనిని ఫార్‌స్టర్ కత్తెరతో, అందులోను పరమభక్తితో, చేసెను.

అయినను ఫార్‌స్టర్ లేనిచో మనకు దక్కకుండపోయెడి సంగతి యొకటి కలదు. డికెన్స్ తండ్రి అప్పులకై మార్షల్సీ చెఱసాలలో నుండగా, పండ్రెండేండ్ల ఈ బాలుడు థేమ్స్ నదీతీరమున ఎలుకలు పారాడు శిథిలగృహములో, బూట్లకు పూయు నల్లరంగు సీసాలకు కాగితములు చుట్టి చీటీలంటించు కూలిపని చేసెను. ఈ మాట ఆయన బ్రదికియుండగా భార్యకు, ఫార్‌స్టర్‌కు దక్క బిడ్డలకైనను తెలియదు. ఆత్మకథ వ్రాయదలచి ఆరంభించి విడిచిన కొన్ని పుటలను ఆయన ఫార్‌స్టర్ కిచ్చియుండెను. జీవితచరిత్ర మొదటి సంపుటములో అవి వెలువడినప్పుడు దేశము విస్తుపోయెను. హెన్రీ చెప్పిన ముచ్చట ఇచట చేర్పదగును. తండ్రి చనిపోవుటకు ముందటి క్రిస్‌మస్ నాడు, ఒక్కొక్కరు ఒక్కొక్క పదము చేర్చుచు వరుసనంతయు కంఠస్థముగా అప్పగించు ఆట యింటిలో ఆడుచుండిరి. డికెన్స్ వంతు వచ్చినపుడు, ‘వారెన్ వారి నల్లరంగు, 30 నెంబరు, స్ట్రాండు వీధి’ అని చేర్చెను. ఆ కంటిలో మెరుపును, గొంతులో మార్పును కుమారుడు గమనించెను గాని, ఆ మాట ఎచటనుండి వచ్చెనో ఫార్‌స్టర్ గ్రంథము చదువువరకు ఆతనికి అంతుపట్టలేదు. నలువదియైదేండ్లు దాచిన మాటను ఆటలో పెట్టి బిడ్డల ముంగిట పలికి, వారికి తెలియనందుకు సంతసించెనో, చింతించెనో! ఆ పుటల మూలప్రతియు నేడు లేదు. ఫార్‌స్టర్ అచ్చువేయించినదే మనకు మూలము.

1876లో ఫార్‌స్టర్ మరణింపగా, ఆయన కూర్చిన పదునెనిమిది వేలకు మించిన పుస్తకములతోపాటు డికెన్స్ వ్రాతప్రతులును లండనునందలి సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియమునకు చేరెను. దానినే 1899 మొదలు విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియమని పిలుచుచున్నారు. డేవిడ్ కాపర్‌ఫీల్డ్, బ్లీక్ హౌస్, లిటిల్ డారిట్, రెండు మహానగరముల కథ, అసమాప్తముగా మిగిలిన ఎడ్విన్ డ్రూడ్ మొదలగునవి అచట కలవు. తొలినాటి పిక్విక్ పేపర్స్‌లో మాత్రము కొలది యాకులు తక్క దక్కలేదు. అప్పటికి ఆయన వ్రాతను దాచదగిన వస్తువని ఎవరును తలపలేదు. తరువాతివానిలో నీలిసిరాతో, ఈకకలముతో, సందులేకుండ వ్రాసిన పంక్తులు, వానిపై కొట్టివేతలు, కొట్టివేతలపై దూర్చిన మాటలు, వానిపైని మరల కొట్టివేతలు. ఈ చిక్కుముడి చదివి అక్షరములు పేర్చిన అచ్చుకూటపు పనివారికి నమస్కరింపవలెను.

ఆ ప్రతులతో గూడ కుట్టబడియున్న కొన్ని కాగితములు నా దృష్టిలో ఉత్తరములన్నింటికంటె విలువైనవి. డికెన్స్ పెద్దనవలలు షిల్లింగు వెలకు, ముప్పదిరెండు పుటల నెలసరి భాగములుగా వెలువడెడివి. ఇరువది భాగములు, అందు కడపటి రెండును జంటగా, పందొమ్మిది నెలలలో ముగియును. ఒక్కొక్క నెల భాగమునకును ఆయన ఒక కాగితము తీసి నడుమకు మడచి, కుడిసగమున అధ్యాయముల పేర్లును వానిలోని ముఖ్యఘట్టములును వ్రాసి, ఎడమసగమున తన్ను తానే ప్రశ్నించుకొనెడివాడు. ఫలానివాడు ఈ నెల రావలెనా? ఔను. ఫలానియామె? వద్దు, వచ్చు నెల. ప్రశ్న ఒక వేళ వ్రాసినది, సమాధానము మఱియొకవేళ వ్రాసినది. బ్లీక్ హౌస్‌లో వీధులూడ్చి పొట్టపోసికొను జో అను అనాథ బాలుడు కలడు. వాని మరణఘట్టము చదివి కంట తడిపెట్టని ఇల్లు ఆనాడు ఇంగ్లండులో అరుదు. ఆ నెల కాగితమున జో పేరు ప్రశ్నగా వ్రాసి, ఔనని బదులిచ్చి, వానిని చంపవలయునని రెండు ముక్కలలో ఆజ్ఞ వేసికొనెను. చదువరి కన్నీటికిని, వ్రాయువాని చేతికిని గల దూరము ఇంతయని ఏ విమర్శకుడును ఇంత తేటగా చెప్పలేడు. ఉత్తరములలో డికెన్స్ ఎప్పుడును ఎవరో ఒకరి యెదుట వేషము కట్టి నిలుచుండును. ఈ కాగితములలో ఎదుట ఎవరును లేరు. పృచ్ఛకుడును తానే, అవధానియును తానే. కనుక ఇచట మాత్రము రెండు పక్షములును దక్కినవి.

ఫార్‌స్టర్ చేతికి రాని ప్రతులు దేశదేశముల పాలయ్యెను. 1843లో ఆరువారములలో వ్రాసిన క్రిస్‌మస్ కెరోల్ ప్రతికి ఎఱ్ఱతోలు అట్ట వేయించి డికెన్స్ తన న్యాయవాదియు, అప్పులిచ్చి ఆదుకొన్న స్నేహితుడు నగు థామస్ మిట్టన్‌కు కానుకగా నిచ్చెను. మిత్రుడు పోయిన అయిదేండ్లకు మిట్టన్ దానిని 50 పౌనులకు అమ్మివేసెను. చేతులు మారి మారి అది అమెరికా కోటీశ్వరుడు పియర్‌పాంట్ మోర్గన్ భాండారమునకు చేరెను. గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్ ప్రతిని ఆ గ్రంథపు కృతిభర్తయైన చాన్సీ హేర్ టౌన్‌షెండ్ 1868లో చనిపోవుచు, విస్‌బెచ్ అను చిన్నయూరి మ్యూజియమునకు వ్రాసియిచ్చెను. నేటికిని అది అచటనే యున్నది. ఆ నవలకు డికెన్స్ మొదట వ్రాసిన ముగింపు వేఱు. లిట్టన్ అను తోటి నవలాకారుడు చెప్పగా దానిని మార్చెను. తొలి ముగింపు ఎట్టిదో లోకమునకు తెలిపినది మరల ఫార్‌స్టర్ గ్రంథమే.

అవర్ మ్యూచువల్ ఫ్రెండ్ ప్రతికైతే పునర్జన్మ యెత్తినంత పనియైనది. 1865 జూన్ 9వ తేదీన, ఫ్రాన్సునుండి మరలివచ్చుచుండ, స్టేపుల్‌హర్స్ట్ వద్ద మరమ్మతుకై పట్టాలు తీసివేసిన వంతెనపై రైలు పడిపోయి పదిమంది మరణించిరి. డికెన్స్ ఎక్కిన పెట్టె క్రింద పడక వంతెనకు వ్రేలాడుచు నిలిచెను. తోడివారిని దింపి, టోపీలో నీళ్లు తెచ్చి గాయపడినవారికి పోసి, చనిపోవువారి ప్రక్కన కూర్చుండి, అప్పుడు ఆ నెల భాగపు వ్రాతప్రతి తన కోటులో నుండిపోయెనని జ్ఞప్తికి రాగా, ఒరిగియున్న పెట్టెలోనికి మరల ప్రాకి దానిని తెచ్చుకొనెను. ఈ కథను ఆయన నవల చివరి మాటలలో తానే ప్రకటించుకొనెను. ప్రకటింపనిది, ఆ పెట్టెలో తోడున్నవారు ఎల్లెన్ టెర్నన్, ఆమె తల్లి యనుట. విచారణలో సాక్ష్యమిచ్చుటకు ఆయన పోలేదు.

ఎల్లెన్ కథ ఈ పత్రములలో ఒక తొలచిన రంధ్రమువంటిది. ఆమెకు ఆయన వ్రాసినదిగాని, ఆయనకు ఆమె వ్రాసినదిగాని ఒక్క ఉత్తరమైన మిగులలేదు. వీలునామాలో వెయ్యి పౌనులు ఆమెకు వ్రాసి, ఆమె పేరునే మొట్టమొదట చేర్చిన మనుష్యుని కాగితములలో ఆమె లేకుండుటకు, ఆయన జాగ్రత్తతోపాటు జార్జినా జాగ్రత్తయును కారణము. జార్జినాయు, మేమీయు కలిసి 1880 మొదలు 1882 వరకు మూడు సంపుటములుగా డికెన్స్ ఉత్తరములను ప్రకటించినపుడు, అయిష్టమైన వాక్యములను తొలగించి, వేర్వేరు లేఖల తునకలను ఒక్కటిగా అతికించి, ఇంటిగుట్టు కాపాడిరి. విల్స్‌కు వ్రాసిన కొన్ని ఉత్తరములలో ఎవరో కొన్ని పంక్తులపై దట్టముగా సిరా పూసిరి. ఆ ఉత్తరములు కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ గ్రంథాలయమునకు చేరగా, అడా నిస్బెట్ అను పండితురాలు పరారుణ కిరణములతో ఛాయాచిత్రములు తీయించి, సిరా క్రింది సిరాను చదివి, 1952లో ఒక చిన్నపుస్తకము ప్రకటించెను. అందు కనబడినది నెల్లీ యను ముద్దుపేరు.

ఏటేట దినచర్యపుస్తకమును నాశము చేయు అలవాటుగల డికెన్స్, 1867 చివర అమెరికా పర్యటనలో ఆ యేటి చిన్న జేబుపుస్తకమును పోగొట్టుకొనెను. అది నేడు న్యూయార్క్ పౌరగ్రంథాలయములోని బెర్గ్ సంచయమున నున్నది. నెల్లీ అమెరికాకు రావచ్చునో రాకూడదో తెలుపుటకు తంతివార్తలో వాడవలసిన సంకేతము అందు వ్రాసియున్నది: అంతా కుశలమని తంతి వచ్చినచో బయలుదేరవలెను, సుఖముగా చేరితినని వచ్చినచో రాకూడదు. ఆయన పంపినది రెండవదే. ఇంతటి జాగరూకుని గుట్టు రట్టు చేసినది శత్రువు కాదు, చేజారిన జేబుపుస్తకము.

మిగిలినది కేథరిన్ పక్షము. విడిపోయిన పిమ్మట ఇరువదియొక్క యేండ్లు ఆమె లండనులోనే ఒంటరిగా బ్రదికి, 1879 నవంబరులో మరణించెను. అంత్యదశలో కుమార్తె కేట్‌ను పిలిచి, డికెన్స్ వరుడుగా నున్నప్పటినుండి తనకు వ్రాసిన ఉత్తరముల కట్టను చేతికిచ్చి, ఒకప్పుడు ఆయన తన్ను ప్రేమించెనని లోకము తెలిసికొనునట్లు దీనిని బ్రిటిష్ మ్యూజియమున కిమ్మని కోరెను. ఆ మాటను మించిన ఫిర్యాదు ఆమె ఏనాడును బహిరంగముగా చేయలేదు. కేట్ చాలకాలము తటపటాయించి, తగులబెట్టుదమా అని కూడ తలపోసి, బెర్నార్డ్ షాను సలహా అడిగెను. రాబోవు తరమువారి సానుభూతి మహాపురుషునియందు గాక, ఆయనకు బిడ్డలను కని కని అలసిన స్త్రీయందే యుండునని షా చెప్పినందున, 1899లో నూటముప్పదికి పైగా నున్న ఆ ఉత్తరములు మ్యూజియమునకు చేరెను. వానిని వెంటనే ప్రకటింపరాదని నియమము. కేట్ 1929లోను, హెన్రీ 1933లోను గతింపగా, 1935లో అవి అచ్చయ్యెను. కాని అవియును డికెన్స్ వ్రాసినవే; కేథరిన్ బదులు వ్రాసినవి, ఉండియుండినచో, గాడ్స్‌హిల్ పొలములో బూడిదయై యుండును.

ఆమె పలుకు మనకు చెవినిబడుటకు ఇంక నూటనలువదేండ్లు పట్టెను. లండనులో ఆమె పొరుగున నుండిన ఎడ్వర్డ్ డటన్ కుక్ అను నాటకవిమర్శకుడు, ఆమె ఆఖరుదినములలో తనతో చెప్పికొన్న మాటలను, విలియమ్ మోయ్ థామస్ అను తోటి పాత్రికేయునికి ఉత్తరములలో వ్రాసియుండెను. అట్టి 98 ఉత్తరములు 2014లో వేలమునకు రాగా హార్వర్డ్ విశ్వవిద్యాలయము కొనెను. జాన్ బోవెన్ అను ఆచార్యుడు వానిని చదివి 2019లో వెల్లడించెను. భార్యకు మతి చలించెనని నిరూపించి ఆమెను పిచ్చాసుపత్రిలో చేర్పించుటకు డికెన్స్ ప్రయత్నించెననియు, వైద్యుడు ఒప్పుకొననందున అది పొసగలేదనియు ఆ యింటివారితో కేథరిన్ చెప్పినట్లు అందున్నది. ఇది ఒక పక్షపు మాట, అదియును పరోక్షమున విన్న మాట. కావున తీర్పు చెప్పుటకు చాలదు. అయినను 1858 నాటి ప్రకటనను, ట్రిబ్యూన్‌కెక్కిన లేఖను చదివినవారు దీనిని గూడ చదువుట న్యాయము. ఆ రెండును ఒక పక్షపు మాటలే.

డికెన్స్ చేవ్రాతలో తిన్నగా చదువరానివియు కొన్ని కలవు. పడుచుతనమున న్యాయస్థానములలోను, పిదప పార్లమెంటులోను విలేఖరిగా బ్రదుకుటకై ఆయన గర్నీ పద్ధతియను సంక్షిప్తలిపిని నేర్చి, ఆ నేర్చుటలోని యాతనను డేవిడ్ కాపర్‌ఫీల్డ్‌లో హాస్యముగా వర్ణించెను. చుక్కలు, గీతలు, కొక్కెములు గల ఆ లిపికి ఆయన తన సొంత గురుతులు గూడ చేర్చుకొనియుండెను. టావిస్టాక్ గృహపు కాగితముపై ఆ లిపిలో వ్రాసిన ఒక లేఖ మోర్గన్ గ్రంథాలయములో నూరేండ్లకు పైగా మూగగా పడియుండెను. ఏ రహస్యమో యని ఊహించినవారు లేకపోలేదు. ఇటీవల లెస్టర్ విశ్వవిద్యాలయమువారు 300 పౌనుల బహుమానము ప్రకటించి లోకమునంతటిని ఆహ్వానింపగా, 2022 నాటికి దానిలో ఎక్కువభాగము విడివడెను. అది 1859లో టైమ్స్ సంపాదకుడు డిలేన్‌కు వ్రాసిన వ్యవహారలేఖకు నకలు. పాత పత్రికను ఆపి క్రొత్తపత్రిక పెట్టుచు డికెన్స్ పంపిన ప్రకటనను టైమ్స్ కార్యాలయమునందలి గుమాస్తా త్రోసిపుచ్చగా, ఆ నిర్ణయము అన్యాయమని, దానిని సంపాదకుడు రద్దుచేయవలెనని అందు ఆయన కోరెను. మఱుసటి సంవత్సరపు మంటకు ఇది ఎట్లో చిక్కలేదు.